అణు కేంద్రం వద్దంటే బొగ్గు కావాలన్నట్టేనా? కొవ్వాడ వైపు వాళ్లు, తెలిసినవాళ్లు చెప్పండి

రణస్థలం_కుర్రాడు:

అందరికీ నమస్కారం. మాది శ్రీకాకుళం జిల్లా, కొవ్వాడకి పన్నెండు కిలోమీటర్ల దూరంలో ఒక ఊరు. నేను విశాఖలో ఉద్యోగం చేస్తున్నాను. వచ్చే ఆదివారం మా వైపు ఊళ్లవాళ్లు అణు విద్యుత్ కేంద్రం వద్దని ఊరేగింపు పెట్టుకున్నారు. నాన్న వెళ్తున్నారు, నన్నూ రమ్మన్నారు. వెళ్లాలనే ఉంది. కానీ ఒక ప్రశ్న మనసులో తేలకుండా ఉండిపోయింది, అది తేల్చుకోకుండా వెళ్లి నినాదాలు ఇవ్వలేను. కాస్త ఓపిగ్గా చదవండి.

ముందు మా సంగతి తెలియనివాళ్లకి. అణు విద్యుత్ కేంద్రానికి కొవ్వాడ పేరు కేంద్ర ప్రభుత్వం 2009లో ఖాయం చేసింది. అప్పుడు నేను ఆరో తరగతి. మొదట ఒక అమెరికా కంపెనీ అన్నారు, 2016లో ఇంకో అమెరికా కంపెనీ వెస్టింగ్‌హౌస్ అన్నారు, ఆ మరుసటి ఏడే ఆ కంపెనీ దివాలా పిటిషన్ వేసింది, ఇప్పుడు మళ్లీ వాళ్ల పేరే వినిపిస్తోంది. ఆరు రియాక్టర్లు, ఒక్కోటి 1208 మెగావాట్లు. రెండు వేల ఎకరాలకు పైగా భూమి. ఇన్నేళ్లలో అక్కడ ఒక్క రియాక్టరూ లేవలేదు, ఆ ఊళ్లకి మాత్రం కుదురు లేకుండా పోయింది. మా మేనత్త వాళ్లది ఖాళీ చేయాల్సిన ఊళ్లలో ఒకటి. ఇంటికి ఇంకో గది వేద్దామంటే ఊరు ఉంటుందో లేదో, పిల్లకి సంబంధం చూద్దామంటే అవతలివాళ్లూ అదే మాట, బోటుకి అప్పు చేద్దామన్నా అదే. ఇది నేను కళ్లారా చూస్తూ పెరిగిన విషయం.

ఇక నా ప్రశ్న. హుద్‌హుద్ వచ్చినప్పుడు మా ఇంటి రేకులు లేచిపోయాయి. తిత్లీకి మా అమ్మమ్మ గారి వైపు జీడి తోటలూ కొబ్బరి తోటలూ నేలమట్టం అయ్యాయి, ఆ చెట్లు మళ్లీ కాపుకి రావడానికి ఎన్నేళ్లు పడుతుందో ఉద్దానం వాళ్లని అడిగితే చెబుతారు. సముద్రం వేడెక్కుతోంది, తుపాన్లు ముదురుతున్నాయి, బొగ్గు కాల్చడం తగ్గించాలి అని నేను గట్టిగా నమ్ముతాను. నా ఆఫీసులో ఒక స్నేహితుడు సూటిగా అడిగాడు: "అణు విద్యుత్‌లో పొగ లేదు. దాన్ని వద్దంటున్నావంటే ఆ మేరకు బొగ్గు కాల్చమంటున్నట్టే కదా?" నాకు జవాబు దొరకలేదు. ఒక పక్క మేనత్త ముఖం, ఒక పక్క ఈ ప్రశ్న. రాత్రి నిద్ర పట్టడం లేదంటే నమ్మండి.

సోలార్, గాలి మరలతో నిజంగా సరిపోతుందా? ఊరేగింపుల వల్ల ఎక్కడైనా ఏమైనా ఒరిగిందా? అటూ ఇటూ తెలిసినవాళ్లు చెప్పండి. తిట్టుకోవద్దు దయచేసి.


సోంపేట_మాస్టారు:

బాబూ, నీ ప్రశ్నకి జవాబు మీ జిల్లాలోనే ఉంది. నేను రిటైరైన టీచర్ని, సోంపేట మండలం.

2010 జూలై 14న మా బీలలో, అంటే మా చిత్తడి నేలలో, థర్మల్ ప్లాంటు వద్దని జనం అడ్డుపడ్డారు. 2640 మెగావాట్ల బొగ్గు ప్లాంటు అది. పోలీసు కాల్పులు జరిగాయి, ప్రాణాలు పోయాయి. అదే రోజు ఢిల్లీలో పర్యావరణ అప్పిలేట్ అథారిటీ ఆ ప్లాంటుకిచ్చిన అనుమతిని రద్దు చేసింది. ఆ మాట కొన్ని గంటల ముందు వచ్చి ఉంటే అని ఇవాళ్టికీ అనుకుంటాం. తర్వాత 2011 ఫిబ్రవరి 28న కాకరాపల్లిలో, మళ్లీ బొగ్గు ప్లాంటే, మళ్లీ కాల్పులే, ఇద్దరు పోయారు.

అంటే శ్రీకాకుళం జిల్లా జనం బొగ్గు వద్దని ప్రాణాలు ఇచ్చినవాళ్లు. అదే జిల్లాలో అణు కేంద్రం వద్దంటే "మీరు బొగ్గు కావాలంటున్నారు" అని ఎవరైనా ఎలా అనగలరు? నీ స్నేహితుడికి ఈ రెండు తేదీలు చెప్పు. అతను చెడ్డవాడని కాదు, అతనికి తెలియకపోవచ్చు. విశాఖలో కూర్చున్నవాళ్లకి మన బీల అంటే ఏమిటో ఎలా తెలుస్తుంది? బయటివాళ్ల కాగితాల్లో అది బంజరు భూమి. మాకు అందులో చేపలు, గడ్డి, పశువుల మేత, ఎండాకాలంలో కూడా బావుల్లో నీళ్లు. లెక్కలో బంజరు అని రాసిన నేల ఎంతమందికి అన్నం పెడుతోందో ఆ లెక్క రాసినవాళ్లు వచ్చి చూడలేదు.

ఊరేగింపుల వల్ల ఏం ఒరిగింది అన్నావు. గుజరాత్ భావనగర్ జిల్లాలో మీఠీ విర్ది అని ఊరు ఉంది. మీ కొవ్వాడకి ఇప్పుడు అనుకుంటున్న రియాక్టర్లు మొదట అక్కడ పెట్టాలనుకున్నవే. 2013 మార్చిలో ప్రజాభిప్రాయ సేకరణ పెడితే అక్కడి రైతులు సభలోంచి లేచి వెళ్లిపోయారు. ఆ ఊళ్లవాళ్లు ఏళ్ల తరబడి భూమి ఇవ్వలేదు. 2016కి ఆ ప్రాజెక్టు కొవ్వాడకి మారింది. వాళ్ల పోరాటం వాళ్ల ఊరిని కాపాడుకుంది, బరువు మన వైపు వచ్చి పడింది, అదే నాకు బాధ. ఒక ఊరు వద్దంటే ఇంకో ఊరు వెతుక్కోవడం కాదు కదా కావాల్సింది, అసలు ఆ ఊరు ఎందుకు వద్దందో వినడం.

తమిళనాడులో కూడంకుళం అణు కేంద్రం సంగతి వేరు. జపాన్‌లో ఫుకుషిమా అణు ప్రమాదం తర్వాత 2011లో ఇడింతకరై ఊళ్లో వేలమంది కూర్చున్నారు, ఆడవాళ్లే ఎక్కువ, రిలే దీక్షలు నెలల తరబడి నడిచాయి. వేలమంది మీద రాజద్రోహం కేసులు పెట్టారు. రియాక్టర్లు ఆగలేదు, 2013లో మొదటిది మొదలైంది. కానీ ఆ ఏడు మే నెల తీర్పులో సుప్రీంకోర్టు ప్లాంటుకి పచ్చజెండా ఊపుతూనే పదిహేను షరతులు పెట్టింది, జనం మీద పెట్టిన క్రిమినల్ కేసులు ఎత్తేసే ప్రయత్నం చేయమంది. వాళ్లు కూర్చోకపోతే ఆ పదిహేను షరతులు కూడా ఉండేవి కావు.

ఆదివారం వెళ్లు బాబూ. మీ నాన్న పక్కన నడువు. ఒక్క రాయి కూడా లేవకుండా చూసుకోండి, అది మాత్రం పెద్దవాడిగా చెబుతున్నాను, ఒక్క రాయి పడితే ఆ తర్వాత ఎవరూ మీ ప్రశ్న వినరు.


కల్పాక్కం_రిటైర్డ్:

నేను ఇక్కడ చాలామందికి నచ్చని మాట చెప్పబోతున్నాను. ముప్పై ఏళ్లు అణు విద్యుత్ రంగంలో పనిచేశాను. నేను అణు విద్యుత్‌కి వ్యతిరేకిని కాను. అయినా తమ్ముడూ, నువ్వు ఆ ఊరేగింపుకి వెళ్లడం తప్పని అనను.

ముందు భయాల్లో ఏది నిజం, ఏది కాదు. రియాక్టరు బాంబులా పేలదు, అందులో వాడే యురేనియం అంత శుద్ధి చేసినది కాదు. పొగ విషయంలో మీ స్నేహితుడు చెప్పింది నిజమే. వాతావరణ మార్పుల మీద ఐక్యరాజ్యసమితి శాస్త్రవేత్తల బృందం 2014లో ఇచ్చిన లెక్క ప్రకారం, గనిలో తవ్వడం నుంచి ప్లాంటు కూల్చేదాకా అన్నీ కలుపుకుంటే, ఒక యూనిట్ కరెంటుకి బొగ్గు 820 గ్రాముల కార్బన్ వదిలితే అణు విద్యుత్ 12 గ్రాములు వదులుతుంది. పెద్ద సోలార్ ప్లాంట్లు 48 దాకా. ఇది దాచి మాట్లాడితే మన మాటకి విలువ ఉండదు.

ఫుకుషిమాలో ఏం జరిగింది? భూకంపానికి రియాక్టర్లు ఆగాయి, సరిగ్గానే ఆగాయి. కానీ ఆగిన రియాక్టరు కూడా రోజుల తరబడి వేడి పుట్టిస్తూనే ఉంటుంది, దాన్ని చల్లబరచాలంటే నీళ్లు తిప్పాలి, నీళ్లు తిప్పాలంటే కరెంటు కావాలి. బయటి కరెంటు పోయింది, సునామీకి డీజిల్ జనరేటర్లు మునిగాయి, మూడు రియాక్టర్లలో ఇంధనం కరిగిపోయింది. లక్షన్నర మందికి పైగా ఇళ్లు వదిలారు. కొవ్వాడకి అనుకుంటున్న వెస్టింగ్‌హౌస్ వాళ్ల ఏపీ 1000 రకంలో దీనికి ఒక జవాబు ఉంది. నీళ్ల ట్యాంకు రియాక్టరు పైనే ఉంటుంది, కరెంటు లేకపోయినా, మనిషి చెయ్యి పెట్టకపోయినా 72 గంటలు నీళ్లు వాటంతటవే కిందికి దిగి చల్లబరుస్తాయి. మంచి డిజైన్, నేను మెచ్చుకుంటాను. ఆ 72 గంటల తర్వాత బయట నుంచి సాయం చేరాలి. హుద్‌హుద్ తర్వాత విశాఖ లాంటి నగరంలోనే కరెంటు రావడానికి ఎన్ని రోజులు పట్టిందో నీకు గుర్తుండే ఉంటుంది. మీ తీరంలో పెద్ద తుపాను తర్వాత మూడు రోజుల్లో ఏ రోడ్డు మీద ఏ వాహనం చేరుతుంది అన్నది అడగాల్సిన ప్రశ్న, అడిగే హక్కు నీకుంది.

రెండోది డబ్బు, కాలం. ఇక్కడే నా వృత్తి మీద నాకే బెంగ. ఇదే రకం రియాక్టర్లు రెండు అమెరికాలో జార్జియా రాష్ట్రం వోగ్టల్‌లో కట్టారు. 2016, 2017కి అవుతాయన్నవి 2023లో ఒకటి, 2024లో ఒకటి అయ్యాయి. 1400 కోట్ల డాలర్లన్నది 3000 కోట్లు దాటింది. సౌత్ కరోలినాలో ఇంకో జత మొదలుపెట్టి, దాదాపు 900 కోట్ల డాలర్లు ఖర్చయ్యాక 2017లో వదిలేశారు, అక్కడి జనం ఆ సొమ్ము కరెంటు బిల్లుల్లో కడుతున్నారు. చైనాలో మాత్రం నాలుగు నడుస్తున్నాయి, అవీ ఆలస్యంగానే. కాబట్టి "అణు కేంద్రం వస్తే బొగ్గు తగ్గుతుంది" అన్నవాళ్లని ఏ సంవత్సరం నుంచి, యూనిట్ ఎంతకి అని అడగండి. అది రాకుండా పదిహేనేళ్లు గడిచినా ఆ పదిహేనేళ్లూ కాలేది బొగ్గే.

మూడోది మీ ఊరికి సూటిగా తగిలేది. ప్లాంటు చుట్టూ కనీసం ఒక కిలోమీటరు ఎవరూ ఉండకూడదు, ఐదు కిలోమీటర్ల లోపు కొత్తగా జనం వచ్చి చేరకుండా చూడాలి, 16 కిలోమీటర్ల దాకా ప్రమాదం వస్తే జనాన్ని తరలించే ప్రణాళిక ఉండాలి. నువ్వు పన్నెండు కిలోమీటర్లన్నావు. అంటే మీ భూమి తీసుకోరు, మీకు పరిహారం రాదు, కానీ ఆ ప్రణాళికలో మీరు ఉంటారు. దాన్ని తెలుగులో, మీ ఊరి పంచాయతీ ఆఫీసులో పెట్టమని అడగండి. ఈ ఒక్క మాట చెప్పడానికే ఇంత రాశాను.


రణస్థలం_కుర్రాడు:

సార్, 16 కిలోమీటర్ల సంగతి నాకు ఇప్పటిదాకా ఎవరూ చెప్పలేదు. మాది "బయట ఊరు" అనే అనుకుంటున్నాం అందరం. ప్రమాదం జరిగితే నష్టపరిహారం ఎవరు కడతారు? ఆ చట్టం మారిందని విన్నాను.


కల్పాక్కం_రిటైర్డ్:

మారింది. 2010 చట్టంలో ప్లాంటు నడిపేవాళ్ల బాధ్యత 1500 కోట్లకి పరిమితం, కానీ యంత్రాల్లో లోపం ఉంటే సరఫరా చేసిన కంపెనీ నుంచి ఆ డబ్బు రాబట్టుకునే హక్కు ఒక సెక్షన్‌లో ఉండేది. భోపాల్ చూసిన దేశం కాబట్టి పార్లమెంటు అది పెట్టింది. విదేశీ కంపెనీలు ఇన్నేళ్లు వెనకాడింది దాని వల్లే. అణు విద్యుత్ మీద 2025 డిసెంబర్‌లో వచ్చిన 'శాంతి' అనే చట్టం ఆ పాత చట్టాన్ని రద్దు చేసింది, ప్రైవేటు కంపెనీలకి తలుపు తెరిచింది, సరఫరాదారు మీద ఉన్న ఆ సెక్షన్‌ని తీసేసింది. యంత్రం చేసినవాళ్లకి తమ యంత్రం మీద నమ్మకం ఉంటే ఆ సెక్షన్‌కి ఎందుకు భయపడాలి? ముప్పై ఏళ్లు ఇదే రంగంలో ఉన్నవాడిగా నాకు ఈ మార్పు మింగుడుపడలేదు.


మధురవాడ_టెకీ:

కొంచెం కటువుగా ఉంటుందేమో, కానీ నిజాయితీగా రాస్తున్నాను. థర్మల్ వద్దు, అణు వద్దు, మరి ఏం కావాలి? విశాఖకి డేటా సెంటర్లు వస్తున్నాయి, ఒక్క గూగుల్‌దే వెయ్యి మెగావాట్ల స్థాయి అని 2025 అక్టోబర్‌లో ప్రకటించారు. అవి రాత్రీ పగలూ నడవాలి. సూర్యుడు సాయంత్రం ఆరింటికి వెళ్లిపోతాడు. మా పిల్లలకి ఉద్యోగాలు ఇక్కడే ఉండాలని నాకూ ఉంది, లేకపోతే మళ్లీ హైదరాబాదో బెంగళూరో. శ్రీకాకుళం నుంచి వలస పోయినవాళ్ల పిల్లలమే మేమూ. ఆ కరెంటు ఎక్కడి నుంచి రావాలో వద్దనేవాళ్లు కూడా చెప్పాలి కదా.


ఇన్వర్టర్_అక్క:

టెకీ గారు, న్యాయమైన ప్రశ్న, నేను చెబుతాను. విజయనగరంలో సోలార్ ప్యానెళ్లు బిగించే పని ఎనిమిదేళ్లుగా చేస్తున్నాను, నేనూ ఇద్దరు కుర్రాళ్లూ. సోలార్ అమ్ముకునే మనిషిని కాబట్టి గొప్పలు చెబుతానని అనుకోకండి, లోపాలూ చెబుతాను.

ముందు మంచి. దేశంలో అణు విద్యుత్ 1969లో తారాపూర్‌తో మొదలై ఇప్పటికి ఎనిమిది వేల పైచిలుకు మెగావాట్లు, మొత్తం కరెంటులో మూడు శాతం. సోలార్ ఈ పది పదిహేనేళ్లలోనే పెరిగి 2025 జనవరికి లక్ష మెగావాట్లు అయింది. రిటైర్డ్ సార్ అడక్కముందే చెబుతున్నా, ఆ లక్ష రోజంతా లక్ష కాదు, రాత్రీ మబ్బూ అన్నీ కలిపి సగటు తీస్తే ఐదో వంతు వస్తుంది. అయినా ఎంత తొందరగా వచ్చిందో చూడండి. మూడు కిలోవాట్లు ఇంటి మీద పెట్టుకుంటే నెలకి సుమారు 350 యూనిట్లు, సూర్యఘర్ పథకంలో 78 వేల సబ్సిడీ. పొద్దున్న ఎక్కితే మర్నాటి సాయంత్రానికి బిగించి దిగుతాం. ఊరు లేవక్కర్లేదు, ఎవరి చెట్టూ కొట్టక్కర్లేదు, మూడు వందల చదరపు అడుగుల డాబా చాలు.

ఇప్పుడు చెడు. తమ్ముడూ, తుపాను దెబ్బ తిన్న జిల్లా నీది కాబట్టి ఇది తప్పకుండా తెలుసుకో. మామూలుగా సబ్సిడీలో పెట్టే సోలార్, లైన్‌లో కరెంటు పోతే తనూ ఆగిపోతుంది. ఎండ మండిపోతున్నా ఇంట్లో ఫ్యాను తిరగదు. స్తంభం మీద పనిచేసే లైన్‌మన్‌కి షాక్ కొట్టకూడదని అలా చేస్తారు, అది సరైనదే. కానీ ఈ మాట ముందే చెప్పకుండా అమ్మితే తుపాను తర్వాత జనం మోసపోయామనుకుంటారు. బ్యాటరీ ఉన్న హైబ్రిడ్ పెట్టుకుంటేనే చీకట్లో లైటు వెలుగుతుంది, ఖర్చు బాగా ఎక్కువ. నా కోరిక ఏమిటంటే తీరంలో ప్రతి ఊళ్లో తుపాను షెల్టరు మీద, ఆరోగ్య కేంద్రం మీద అలాంటివి ఒక్కటైనా ఉండాలి. వేల కోట్ల మాటలు నడుస్తున్న చోట ఇది ఎంత చిన్న ఖర్చు! ఫోన్ ఛార్జింగుకీ, టీకాల ఫ్రిజ్‌కీ, మంచినీళ్ల మోటారుకీ జనం పడే బాధ నేను చూశాను.

రాత్రి సంగతి. నంద్యాల జిల్లా పిన్నాపురంలో పంప్‌డ్ స్టోరేజీ అని 1680 మెగావాట్లది పెట్టారు. మధ్యాహ్నం సోలార్ కరెంటు ఎక్కువగా ఉన్నప్పుడు కింది చెరువులోంచి పైచెరువులోకి నీళ్లు తోడతారు, రాత్రి ఆ నీళ్లు కిందికి వదిలి కరెంటు తీస్తారు. తోడడానికి నూరు యూనిట్లు పెడితే ఎనభైకి కాస్త అటూ ఇటుగా వెనక్కి వస్తాయి. పెద్ద బ్యాటరీ లాంటిది. సముద్రపు గాలి, కొండ మీద గాలి, పగటి ఎండ, రాత్రికి ఈ నీళ్లు, వీటన్నిటినీ కలిపి అల్లితేనే టెకీ గారి డేటా సెంటర్ నడుస్తుంది. ఒక్క సోలార్‌తోనే అయిపోతుందని నేను అనను.


అమ్రాబాద్_అబ్బాయి:

అక్కా, పంప్‌డ్ స్టోరేజీ మాట వచ్చింది కాబట్టి. అల్లూరి జిల్లాలో కొండల మీద ఆ ప్రాజెక్టులు వద్దని ఆదివాసులు ఊరేగింపులు చేస్తున్నారు తెలుసా? అక్కడా అదే బాధ, మమ్మల్ని అడగలేదని. కర్నూలు పక్కన వెయ్యి మెగావాట్ల సోలార్ పార్కుకి దాదాపు ఆరు వేల ఎకరాలు పట్టింది. పొగ రానంత మాత్రాన అన్నీ మంచివైపోవు.

నాది నాగర్‌కర్నూల్ జిల్లా. 2019లో నల్లమలలో యురేనియం కోసం బోర్లు వేస్తామన్నప్పుడు ఊళ్లకి ఊళ్లు రోడ్డెక్కాయి, చెంచు పెంటల నుంచి, అంటే అడవిలోని చెంచుల గూడేల నుంచి, ముసలివాళ్లు కూడా నడిచి వచ్చారు. హైదరాబాద్ కాలేజీ పిల్లలు, సినిమావాళ్లు అందరూ గొంతు కలిపారు. ఆ సెప్టెంబర్‌లో తెలంగాణ శాసనసభ వద్దని తీర్మానం చేసింది. 2024లో కర్నూలు జిల్లా కప్పట్రాళ్ల దగ్గరా అంతే, ఊళ్లన్నీ అడ్డం తిరిగితే ఆపారు. మీరు కొవ్వాడలో ప్లాంటు గురించి మాట్లాడుతున్నారు, ఆ ప్లాంటులో వేసే ముడిసరుకు ఎక్కడో ఒక అడవిలోంచి, ఒక ఊరి కిందనుంచి రావాలి. కడప జిల్లా తుమ్మలపల్లెలో గని, శుద్ధి కర్మాగారం ఉన్నాయి, వ్యర్థాల చెరువు వల్ల బోర్ల నీళ్లు పాడయ్యాయని చుట్టుపక్కల రైతులు ఏళ్లుగా మొత్తుకుంటున్నారు. ఆ రైతుల్ని కూడా మీ ఊరేగింపులో తలుచుకోండి.


కల్పాక్కం_రిటైర్డ్:

ఒక చిన్న సవరణ. కొవ్వాడ రకం రియాక్టర్లకి శుద్ధి చేసిన యురేనియం కావాలి, అది విదేశాల నుంచే తెప్పిస్తారు. తుమ్మలపల్లె ముడిసరుకు హైదరాబాద్‌లోని ఇంధన కేంద్రం ద్వారా మన దేశీ రియాక్టర్లకి వెళ్తుంది. మీరు చెప్పిన మిగతా మాటతో నాకు పేచీ లేదు.


తీరం_ఆడపడుచు:

నేను ఎప్పుడూ చదవడమే, రాయడం ఇదే మొదటిసారి. తప్పులుంటే ఏమనుకోకండి. మాది ఎచ్చెర్ల వైపు వేట చేసుకునే ఊరు.

అందరూ కరెంటు గురించి రాస్తున్నారు, నేను చేప గురించి రాస్తాను. అన్ని లక్షల లీటర్ల సముద్రపు నీళ్లు లోపలికి లాగి, వేడెక్కాక మళ్లీ సముద్రంలోకే వదులుతారంటున్నారు. గుడ్లు, పిల్లలు ఒడ్డు దగ్గరి నీళ్లలోనే ఉంటాయి. మా తెప్పలూ చిన్న బోట్లూ వేట చేసేది ఆ ఒడ్డు దగ్గరే, పెద్ద బోట్లలాగా లోపలికి వెళ్లలేం. ఇప్పటికే ఫ్యాక్టరీల నీళ్లు కలిసి చేప దూరం వెళ్లిపోయిందని మా నాన్న వాళ్లు అంటారు. గుడ్లు పెట్టే కాలమని ఏప్రిల్ 15 నుంచి 61 రోజులు ప్రభుత్వమే మమ్మల్ని వేట ఆపమంటుంది, మేము ఆపుతాం, చేప బతకాలని మాకూ తెలుసు. మరి వేడి నీళ్లకి ఏ రెండు నెలలూ సెలవు ఉండదు కదా.

చేప లేకే మా మగవాళ్లు గుజరాత్ వెళ్తున్నారు, వెరావల్ బోట్ల మీద కూలికి. 2018 నవంబర్‌లో మా జిల్లా వాళ్లు, విజయనగరం వాళ్లు ఆ బోట్ల మీద ఉండగానే పాకిస్తాన్ వాళ్లు పట్టుకుపోయారు, 2020 జనవరికి గాని ఇంటికి రాలేదు. ఆ పదమూడు నెలలు ఆ ఆడవాళ్లు ఎలా బతికారో నాకు తెలుసు, వాళ్లలో నా తోటివాళ్లు ఉన్నారు. కాబట్టి టెకీ అన్నయ్యా, ఉద్యోగాల మాట మీకెంత ముఖ్యమో మాకూ అంతే. మా ఒడ్డున ఒక జెట్టీ, ఒక ఐసు ఫ్యాక్టరీ, చేప దాచుకునే కోల్డ్ స్టోరేజీ ఉంటే మా ఇళ్లల్లో మగవాళ్లు మా ఇళ్లల్లోనే ఉంటారు. ఆ ఐసు ఫ్యాక్టరీ మీద ఇన్వర్టర్ అక్క ప్యానెళ్లు పెట్టొచ్చేమో, నాకు అంతగా తెలియదు.

ఖాళీ చేస్తే ఇల్లిస్తారు, సరే. సముద్రానికి దూరంగా ఇల్లిస్తే వల ఎక్కడ ఆరబెట్టుకోవాలి? తెల్లారుజామున మూడింటికి బోటు దింపే మనిషి ఎన్ని కిలోమీటర్లు నడవాలి? చేప అమ్మేది మేము, ఆడవాళ్లం. పరిహారం లెక్కలో భూమి ఉంది, ఇల్లు ఉంది, బోటు ఉంది, మా తట్ట ఎక్కడ ఉంది?


ఇన్వర్టర్_అక్క:

అమ్మా, పెట్టొచ్చు. ఐసు ఫ్యాక్టరీకి పగటి కరెంటు చాలావరకు సోలార్ నుంచి తీసుకోవచ్చు, పగలు ఐసు చేసి పెట్టుకుంటే అదే మీ బ్యాటరీ, రాత్రికి కరెంటు దాచక్కర్లేదు. మీ సంఘం వాళ్లు అంచనా కావాలంటే చెప్పండి, నా దారి ఖర్చులు నావే, వచ్చి కొలిచి రాసిస్తాను.


మధురవాడ_టెకీ:

తట్ట మాట చదివాక కాసేపు ఏమీ రాయలేకపోయాను. మా నాయనమ్మ కూడా తట్ట నెత్తిన పెట్టుకుని చేపలు అమ్మేది. నా ప్రశ్న నాకింకా ఉంది, రాత్రి కరెంటుకి పూర్తి జవాబు దొరికిందని అనను. కానీ ఆ జవాబు బరువంతా ఒకే తీరం మోయాలని నేను ఎప్పుడూ అనుకోలేదు, అలా వినిపించి ఉంటే క్షమించండి.


సోంపేట_మాస్టారు:

ఇంకో మాట మర్చిపోయాను. విద్యుత్ శాఖ కేంద్ర కార్యదర్శిగా చేసిన ఈ.ఏ.ఎస్. శర్మ గారు కొవ్వాడ వద్దని ఎన్నో లేఖలు రాశారు, మా థర్మల్ పోరాటంలోనూ మా పక్కన నిలబడ్డారు. కరెంటు గురించి తెలియక వద్దంటున్నారు అనేవాళ్లకి ఆయన పేరు చెప్పండి.

ఉద్దానం గురించి కూడా. మా వైపు కిడ్నీ జబ్బుతో ఎన్ని ఇళ్లు దీపం లేకుండా పోయాయో మీ అందరికీ తెలుసు, ఇన్నేళ్ల పరిశోధన తర్వాత కూడా కారణం ఇదీ అని తేలలేదు. ఇలాంటి జిల్లాలో ఏ పెద్ద ప్లాంటు పెట్టాలన్నా ముందుగా ఊరూరా ఆరోగ్య సర్వే చేసి, నీళ్లూ మట్టీ పరీక్ష చేసి, ఆ కాగితం జనం చేతిలో పెట్టాలి. లేకపోతే ఇరవై ఏళ్ల తర్వాత ఏ జబ్బు వచ్చినా "ఇది మా వల్ల కాదు, ముందే ఉంది" అంటారు, కాదని చెప్పడానికి మన దగ్గర ఏమీ ఉండదు. ఇది కూడా రాసుకో బాబూ.


రణస్థలం_కుర్రాడు:

అందరికీ పేరుపేరునా థ్యాంక్స్. నిన్న శనివారం ఊరొచ్చాను. రాత్రి భోజనాలయ్యాక ఈ జవాబులన్నీ నాన్నకి చదివి వినిపించాను, అమ్మ కూడా గిన్నెలు పక్కన పెట్టి వచ్చి కూర్చుంది. సోంపేట కాల్పుల దగ్గర నాన్న కళ్లు తుడుచుకున్నారు. 16 కిలోమీటర్ల మాట రెండుసార్లు చదివించుకున్నారు. తర్వాత చాలాసేపు ఏమీ అనలేదు, చివరికి ఒక్కటి అడిగారు: "తుపాను అయితే మూడు రోజుల ముందే దండోరా వేస్తారు, బస్సులు పెడతారు. దీనికి ఎవరు చెబుతారురా, ఎంత ముందు చెబుతారు?" అది కాగితం మీద మొదటి ప్రశ్నగా రాశాను.

దాని కింద రిటైర్డ్ సార్ చెప్పిన తరలింపు ప్రణాళిక, తుపాను తర్వాత మూడు రోజుల్లో సాయం ఎలా చేరుతుందన్న సంగతి, యూనిట్ ధర, ఏ సంవత్సరం నుంచి. తర్వాత మాస్టారు చెప్పిన ఆరోగ్య సర్వే. వేడి నీళ్లు, వల ఆరబెట్టే చోటు, తట్ట. షెల్టరు మీద బ్యాటరీతో సోలార్ ఇప్పుడే పెట్టమన్నది కూడా రాశాను, ప్లాంటు వచ్చినా రాకపోయినా అది కావాలి కదా. అన్నీ కలిపి రెండు పేజీలైంది. మా పక్కింటి డిగ్రీ చదివే అమ్మాయి చక్కని దస్తూరీతో తిరగరాసింది, వంద కాపీలు జిరాక్స్ తీయించాం.

నా స్నేహితుడికి ఆ రెండు తేదీలు పంపాను. "నాకు తెలియదు రా" అన్నాడు, కాసేపాగి తనూ వస్తానన్నాడు. పొద్దున్నే బండి మీద బయలుదేరాడట, రణస్థలం జంక్షన్‌లో కలుస్తాం. తీరం నుంచి రాసిన అక్కా, మీరూ వస్తే మా అమ్మ మీతో కలిసి నడుస్తానంటోంది. ఎనిమిదిన్నరకి మొదలు, ఎండ ముదరకముందే.